వీసా ఇల్లరికం

పెళ్లయ్యాక నేనే మా ఆవిడ దగ్గరికి అమెరికా వెళ్తున్నానని, అదీ ఆమె వీసా మీద వెళ్తున్నానని తెలిసి మా మేనమామ రెండు క్షణాలు ఆలోచించి, "అంటే ఇల్లరికమా అల్లుడూ?" అన్నాడు. బంతిలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. నోట్లో బూరె ఉంది కాబట్టి నేను జవాబు చెప్పే పని తప్పింది.

నేను ఖమ్మంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ని. మా ఆవిడ డాలస్ పక్కన ఇర్వింగ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తోంది. తనది హెచ్-1బి, అంటే అక్కడ ఉద్యోగం చేయడానికిచ్చే వీసా. 2023 ఫిబ్రవరిలో పెళ్లయింది, మూడు వారాల సెలవు అయిపోగానే తను విమానం ఎక్కింది. నేను కాగితాల మధ్య మిగిలాను.

మొదటి దెబ్బ పేరు దగ్గరే తగిలింది. మన పేర్ల సంగతి తెలిసిందే కదా, ఇంటిపేరు ముందుంటుంది, అదీ ఒక్క అక్షరం, పక్కన చుక్క. పదో తరగతి మెమోలో నా పేరు అలాగే ఉంది. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరు పూర్తిగా ఉంది. పెళ్లి రిజిస్ట్రేషన్ ఫారం నింపింది నేనే. మెమో ముందు పెట్టుకుని అందులో ఉన్నట్టే చుక్కతో సహా దించేశాను. సర్టిఫికెట్టు చేతికొచ్చాక ఫోటో తీసి తనకు పంపిస్తే, "చుక్క పెట్టిన ఈయనెవరు?" అని మెసేజ్. వీసాకు పాస్‌పోర్టులో పేరే లెక్క. సర్టిఫికెట్టులో పేరు దానికి సరిపోకపోతే ఇతనే ఆ మొగుడని ఎలా నమ్ముతారు? అఫిడవిట్టు, నోటరీ, తనవైపు నుంచి కొరియర్లో ఒక సంతకం. ఆ చుక్క చెరపడానికి నెల పట్టింది.

మా అమ్మ ఇదంతా చూసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "నా పెళ్లయ్యాక కూడా ఇంతేరా. మా నాన్న రేషన్ కార్డులో నా పేరు కొట్టేయించి, మీ నాన్న కార్డులో ఎక్కించడానికి ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ ఏడాది తిరిగాం. ఆ ఏడాదీ నాకు రెండు కార్డుల్లోనూ బియ్యం లేవు" అంది, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. ఎప్పుడూ చెప్పలేదేం అంటే, "చెప్పడానికి ఏముంది అందులో? అందరికీ అయ్యేదే" అంది.

డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు ఫారం సంగతి పెద్దగా చెప్పను. గంటన్నర పని, ఇరవై నిమిషాలు ఏమీ నొక్కకపోతే బయటికి తోసేస్తుంది, కాబట్టి అప్పుడప్పుడు సేవ్ చేసుకోవాలి. ఫీజు అప్పట్లో 205 డాలర్లు, మన డబ్బుల్లో పదిహేడు వేల దాకా. అసలు కష్టం ఇంటర్వ్యూ స్లాటు. టెలిగ్రామ్ గ్రూపుల్లో అర్ధరాత్రి ఎవరో "హైదరాబాద్ ఓపెన్" అని పెడతారు, లాగిన్ అయ్యేసరికి ఒక్కటీ ఉండదు. నా కంటే ముందు మా తమ్ముడికి దొరికింది, నా పాస్‌వర్డ్‌తో, వాడి హాస్టల్ గదిలోంచి.

వేలిముద్రలు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింద ఉన్న సెంటర్లో ఇచ్చాను. ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలో. అంతకు ముందు బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో ఉండే కాన్సులేట్ అదే ఏడాది మార్చిలో ఆ కొత్త భవనంలోకి మారింది. ఆమె హెచ్-1బి మంజూరైందని చెప్పే ఐ-797 కాపీ, జీతం స్లిప్పులు, కంపెనీ లెటరు, సరిచేసిన పెళ్లి సర్టిఫికెట్టు, ఇరవై పెళ్లి ఫోటోలు, అన్నీ వరసగా సర్దిన ఫైలు పట్టుకుని నిలబడ్డాను. క్యూలో నా ముందూ వెనకా హెచ్-4కి, అంటే హెచ్-1బి వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసాకి, వచ్చినవాళ్లంతా ఆడవాళ్లే. వెనకున్నావిడ "మీ మిసెస్‌ని దింపడానికి వచ్చారా?" అని అడిగింది.

అధికారిణి మూడు ప్రశ్నలు అడిగింది. మీ భార్య ఏం చేస్తారు, ఎక్కడ చేస్తారు, పెళ్లెప్పుడయింది. నాలుగోది ఫారం వైపు చూస్తూ అడిగింది: టీచర్ కదా, అక్కడికెళ్లి ఏం చేస్తారు? హెచ్-4 మీద ఉద్యోగం చేయకూడదని నాకు తెలుసు, జవాబు కూడా బట్టీ పట్టుకుని వెళ్లాను. తీరా నోట్లోంచి "వంట" అని వచ్చింది. ఆవిడ నవ్వింది. ఫోటోల ఫైలు తెరవనేలేదు. అప్పటికి నాకు టీ తప్ప ఏదీ రాదు.

అక్టోబరులో దోహా మీదుగా డాలస్‌లో దిగాను. ఇప్పుడు చెప్పేది మాత్రం మీవాళ్లెవరైనా బయల్దేరుతుంటే వాళ్లకు చదివి వినిపించండి. నా పాస్‌పోర్టు 2014లో తీసింది, 2024 జూన్ 14తో అయిపోతుంది. తన కోసం కంపెనీ వేసిన హెచ్-1బి పిటిషను 2026 సెప్టెంబరు దాకా ఉంది కాబట్టి నాకూ అప్పటిదాకా ఉంటుందనుకున్నాను. వీసా కాగితం మీద తేదీ చూసుకుని మురిసిపోయాను. కానీ ఎన్నాళ్లుండవచ్చో చెప్పేది వీసా కాదు, దిగిన రోజు రాసే ఐ-94. పాస్‌పోర్టు ముందే అయిపోతుంటే ఐ-94 కూడా అక్కడికే ఆగుతుంది. అది చేతికిచ్చే కాగితం కాదు, వెబ్‌సైటులోకి వెళ్లి మనమే తీసుకోవాలి. నేను వారం తర్వాత తీసుకున్నాను. జూన్ 14 అని ఉంది. తప్పు ఎవరిదీ కాదు, నాదే. బయల్దేరే ముందు ఖమ్మంలో పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకుని ఉంటే ఈ పేరా రాసే అవసరమే ఉండేది కాదు.

సరే, వచ్చాను. మేముండేది వ్యాలీ ర్యాంచ్ వైపు. కాలవ గట్లు, బాతులు, నడవడానికి బాగుంటుంది. నడక తప్ప వేరే దారి కూడా లేదు. ఆమె పొద్దున ఎనిమిదింటికి కారు తీసుకుని వెళ్లిపోతే ఆ ఇంట్లో నా పేరు మీద ఏమీ లేదు. లీజు ఆమెది, కరెంటు బిల్లు ఆమెది, ఫోను కూడా ఆమె ప్లానులో రెండో లైను. లైబ్రరీ కార్డు తీసుకుందామని వెళ్తే అడ్రసు రుజువు అడిగారు. ముందు లీజులో నన్ను చేర్పించుకుని అప్పుడు మళ్లీ వెళ్లాను. అమెరికాలో నా పేరుతో వచ్చిన మొదటి కార్డు అదే, రెండు రోజులు పర్సులో ముందు అరలో పెట్టుకున్నాను.

డ్రైవింగ్ లైసెన్సుకూ అంతే. నాకు ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) రాదని ఒక ప్రమాణ పత్రం, ఈ మనిషి మా ఇంట్లోనే ఉంటున్నాడని మా ఆవిడ సంతకం పెట్టిన ఇంకో ప్రమాణ పత్రం. రాత పరీక్షలో 30 ప్రశ్నలకు 21 వస్తే చాలు, నాకు 28 వచ్చాయి. గంటసేపు చూడాల్సిన వీడియో ఒకటుంది, అదీ చూశాను. రోడ్డు మీద మొదటిసారి తప్పాను. టెక్సస్‌లో 30 పాయింట్ల కంటే ఎక్కువ పోతే ఫెయిలు. సమాంతర పార్కింగులో కొన్ని పోయాయి, మిగిలినవన్నీ స్టాప్ బోర్డుల దగ్గర. అక్కడ బండి పూర్తిగా ఆగాలి. ఎదురుగా ఎవరూ లేకపోయినా ఆగాలి. వేగం సున్నా అయినా త్వరణం సున్నా కానక్కర్లేదని ఎన్ని బ్యాచ్‌లకు బోర్డు మీద రాసి చెప్పానో! ఆ వేగాన్ని సున్నా చేయలేక ఫెయిలయ్యాను. రెండోసారికి లైసెన్సు వచ్చింది, దాని మీద గడువు కూడా జూన్ 14.

జనవరి నుంచి పాస్‌పోర్టు కోసం ఇద్దరు పోటీపడ్డారు. రెన్యువల్‌కి అది హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్‌కి వెళ్లాలి. పన్ను రిటర్న్‌తో పాటు ఐటిన్ నంబరు (ఎస్‌ఎస్‌ఎన్ రానివాళ్లకు పన్ను కోసం ఇచ్చేది) కావాలంటే డబ్ల్యు-7 ఫారంతో ఒరిజినల్ పాస్‌పోర్టు ఆస్టిన్‌లోని పన్ను ఆఫీసుకి పంపాలి. ఉన్నది ఒక్కటే పాస్‌పోర్టు. చివరికి ఐఆర్‌ఎస్ (అక్కడి పన్ను శాఖ) గుర్తింపు ఉన్న ఒక ఏజెంటు ఉంటారని తెలిసింది, వాళ్లు పాస్‌పోర్టు చూసి, ధ్రువీకరించి, అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తారు. ముందు రెన్యువల్ చేయించి, కొత్త పాస్‌పోర్టుతో ఆ పని కానిచ్చాం. 2023 ఆదాయానికి విడిగా కడితే తనకు వచ్చే స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను పడని మొత్తం, 13,850 డాలర్లు, ఇద్దరం కలిసి వేస్తే 27,700. పైసా సంపాదన లేని నా వల్ల ఇంటికి పన్ను తగ్గింది. "చూశావా, ఊరికే తినట్లేదు" అన్నాను. "లేదులే, పప్పు కూడా బాగానే వండుతున్నావు" అంది.

మార్చిలో నా గడువు పొడిగించమని ఐ-539 దరఖాస్తు వేశాం, 370 డాలర్లు. ఏప్రిల్ 1 నుంచి ఫీజులు పెరిగాయి, ఆ ఒక్క విషయంలో తొందరపడ్డం కలిసొచ్చింది. జూన్ 14 వచ్చింది, వెళ్లింది. గడువుకు ముందే దరఖాస్తు వేశాం కాబట్టి జవాబు వచ్చేదాకా ఉండొచ్చు. అయినా ఆ రసీదు కాగితం మడిచి జేబులో పెట్టుకునే పాలకు వెళ్లేవాణ్ని. లైసెన్సు గడువు అయిపోయింది, మళ్లీ నడక. డాలస్‌లో జులై ఎండలో మధ్యాహ్నం నడిచేది నేనూ, కుక్కలను తిప్పేవాళ్లూ. మా రామగుండం ఎండ చూసినవాణ్ని కాబట్టి బెదరలేదు గానీ, అక్కడ దారిలో ఎక్కడో ఒక వేపచెట్టూ, మజ్జిగ అమ్మే మనిషీ ఉంటారు. ఆగస్టులో అప్రూవల్ వచ్చింది. దాని కింద భాగంలోనే కొత్త ఐ-94 ఉంటుంది, చింపి దాచుకోవాలి. 2026 సెప్టెంబరు 20.

ఆ మధ్యలో ఒక ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లాం. హాల్లో మగవాళ్లు. పరిచయమవుతూనే "ఏ టెక్నాలజీ?" అన్నారు. ఫిజిక్స్ అన్నాను. "ఓ, పీహెచ్‌డీనా?" కాదు, హెచ్-4 అన్నాను. ఆ మాటతో సంభాషణ ఇళ్ల వడ్డీ రేట్ల మీదికి వెళ్లిపోయింది. మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్తే అక్కడ మాట్లాడుకుంటున్నవన్నీ నా విషయాలే. లైసెన్సు ఎన్నోసారికి వచ్చింది, ఐటిన్‌కి ఎవరి దగ్గరికి వెళ్లారు, ఈఏడీ (పనిచేసే అనుమతి కార్డు) ఎన్ని నెలలు పట్టింది. పులిహోర కలుపుతున్న ఒక అక్క 2011లో వచ్చారట, ఎంటెక్ చదివి. హెచ్-4 వాళ్లకు పనిచేసే అనుమతి మొదలైందే 2015 మే 26న. అదీ అందరికీ కాదు, భర్తకో భార్యకో ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషను, అప్రూవ్ అయి ఉండటమో, గ్రీన్‌కార్డు పని నడుస్తుండటం వల్ల హెచ్-1బికి ఆరేళ్లు దాటి పొడిగింపు ఉండటమో కావాలి. "నాలుగేళ్లు ఇదిగో ఇదే కలిపాను తమ్ముడూ" అని బేసిన్ చూపించారు. వేరే ఏమీ అనలేదు. నాకు నిమ్మకాయలు పిండే పని అప్పజెప్పారు. మా ఆవిడ హాల్లో కూర్చుని వడ్డీ రేట్ల గురించి మాట్లాడుతోంది. ఆ తర్వాత ఎవరింటికి వెళ్లినా మేం ఇద్దరం అలాగే విడిపోతాం.

అపార్ట్‌మెంట్లో పిల్లలు కొందరు లెక్కల కోసం వచ్చేవాళ్లు. డబ్బు ఇస్తామంటే వద్దన్నాను, తీసుకోకూడదు. ఒకావిడ గుత్తివంకాయ కూర పంపించారు. ఇది జీతం కిందికి వస్తుందా అని నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది. తినేశాక పోయింది.

2024 నవంబరులో ఆమె ఐ-140 వచ్చింది. గ్రీన్‌కార్డు మాట అప్పుడే ఎత్తకండి, ఆ నెల మన ఈబీ-2 (ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక వర్గం) క్యూలో 2012లో వేసినవాళ్ల వంతు నడుస్తోంది. కానీ నాకు కావలసింది ఆ అప్రూవల్ ఒక్కటే. డిసెంబరులో పనిచేసే అనుమతి కోసం ఐ-765 దరఖాస్తు వేశాను. 520 డాలర్లు, కేటగిరీ గడిలో సీ26. అందులోనే ఎస్‌ఎస్‌ఎన్ కూడా కావాలని టిక్ పెడితే విడిగా తిరగనక్కర్లేదు. మేలో కార్డు వచ్చింది. జూన్ నుంచి ఒక ట్యూషన్ సెంటర్లో సాయంత్రాలు ఫిజిక్స్ చెబుతున్నాను. మొదటి జీతం వచ్చిందని చెబితే అమ్మ, "నీ పేరు మీదే వేశారా?" అని అడిగింది. ఇంకెవరి పేరు మీద వేస్తారమ్మా అన్నాను గానీ, ఆవిడ అడిగింది సరైన ప్రశ్నే.

2025 అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు ఈ హెచ్-4 అనుమతి మీద వేసిన కేసు వినడానికి ఒప్పుకోలేదు. హమ్మయ్య అనుకున్నాం. అదే నెలాఖరున ఇంకో మార్పు వచ్చింది. అక్టోబరు 30 నుంచి రెన్యువల్‌కి వేస్తే పాత కార్డు దానంతటది పొడిగింపు కాదు. కొత్త కార్డు రావడం ఆలస్యమైతే పని ఆపి ఇంట్లో కూర్చోవాల్సిందే. కాబట్టి గడువుకు 180 రోజుల ముందు, తలుపు తెరిచిన రోజే వెయ్యాలి. ముందు ఆమె పిటిషను, దాని వెనక నా ఐ-539, దాని వెనక నా ఐ-765. ఇంజను కదిలితేనే పెట్టెలు కదిలేది.

2026 తెలుగు క్యాలెండరు వచ్చింది. సెప్టెంబరు పేజీలో 14న వినాయక చవితి, 20 చుట్టూ ఎర్ర పెన్నుతో మా ఆవిడ గీసిన గుండ్రం. అక్కడి నుంచి వేళ్ల మీద 180 రోజులు వెనక్కి లెక్కపెడితే మార్చి 24. ఉగాది 19న. ఆ గడిలో తనే రాసింది: "తలంటు, పచ్చడి, ఫోటోలు 2 అంగుళాలు."