డైరెక్టరీ జాబితాకు వరుస ఎవరిస్తారు?

మా కళాశాల ల్యాబులో, సీ భాషలో ప్రోగ్రాములు రాసే టర్బో సీ నీలి తెర ముందు కూర్చుని నేర్చుకున్న వాటిలో ఈనాటికీ నాకు నిత్యం అక్కరకు వచ్చేది, ఒక డైరెక్టరీలో, అంటే ఫోల్డరులో, ఏ ఏ ఫైళ్లున్నాయో ప్రోగ్రాము చేత అడిగించే విద్య.

డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆ పని రెండు ఫంక్షన్లది. ఫైండ్‌ఫస్ట్‌కు ఒక నమూనా ఇస్తే దానికి సరిపోయే మొదటి ఫైలును పట్టుకుని సున్నా తిరిగి ఇస్తుంది. ఆ సున్నా వస్తున్నంతసేపూ ఫైండ్‌నెక్స్ట్‌ను పిలుస్తూ పోతే తక్కిన పేర్లు ఒక్కొక్కటిగా వస్తాయి. మాస్టారు ఇంతటితో పాఠం ముగించలేదు. ఫ్లాపీలో మూడు ఫైళ్లు రాయించి, నడిమిదాన్ని చెరిపించి, కొత్తగా మరొకటి రాయించి, మళ్లీ జాబితా తీయమన్నారు. కొత్త ఫైలు చివర కాకుండా నడుమ కనిపించింది. "ఏమర్రా, ఆఖర్న పుట్టింది మధ్యలో ఎందుకు కూర్చుంది?" అని అడిగి, మా సమాధానాలన్నీ ఓపికగా విన్నాక అసలు సంగతి చెప్పారు: టీసీ తీసుకుని వెళ్లినవాడి పేరు కొట్టేసి ఆ నంబరులోనే కొత్తగా చేరినవాణ్ణి రాసుకున్న హాజరు పట్టీ లాంటిదే డైరెక్టరీ కూడా. డాస్ ఫైళ్లను డిస్కుపై అమర్చే ఫ్యాట్ పద్ధతిలో ఒక్కో నమోదుకు 32 బైట్ల గడి ఉంటుంది. ఫైలును చెరిపితే ఆ గడి ఖాళీ అయినట్టు గుర్తు పడుతుంది, తర్వాత వచ్చిన ఫైలు అందులో చేరుతుంది. ఫంక్షన్ ఆ గడులను ఉన్నవి ఉన్నట్టు చదువుతుందే తప్ప అక్షరక్రమంలో పేర్చదు.

యూనిక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ సంప్రదాయంలో ఈ పనికి వాడే ఓపెన్‌డిర్, రీడ్‌డిర్, క్లోజ్‌డిర్‌లదీ ఇదే స్వభావం. ఆ సంప్రదాయానిదే అయిన లినక్స్‌లో ఫైళ్లను అమర్చే ఈఎక్స్‌టీ4 పద్ధతి సాధారణంగా పేర్ల హాష్ విలువల (పేరులోని అక్షరాల నుంచి లెక్కగట్టిన సంఖ్యల) క్రమంలో జాబితా ఇస్తుంది. అందుకే విండోస్‌లో అక్షరక్రమంలో కనిపించిన పేర్లు లినక్స్ సర్వర్ ఎక్కగానే చెల్లాచెదురవుతాయి. పైథాన్ భాషలో జాబితా తీసే లిస్ట్‌డిర్ కూడా ఏ క్రమానికీ హామీ ఇవ్వదు. 2015లో పైథాన్ 3.5తో వచ్చిన స్కాన్‌డిర్ మాత్రం, అది ఫైలా డైరెక్టరీయా అన్న వివరాన్ని పేరుతోపాటే అందించి, చాలా సందర్భాల్లో విడిగా మళ్లీ అడగవలసిన శ్రమ తప్పించింది. పెద్ద డైరెక్టరీల విషయంలో ఇది నిజంగా గొప్ప మేలు. వరుస బాధ్యతను మాత్రం అదీ మనకే వదిలింది.

నేను ఈ వరుసను ఇంతగా పట్టించుకోవడానికి కారణం నా పనే. భీమవరం పరిసరాల్లోని రొయ్యల చెరువుల నీటి కొలతలు మా ప్రోగ్రాముకు చిన్నచిన్న ఫైళ్లుగా చేరుతాయి. నీటిలో కరిగిన ఆక్సిజన్ రాత్రంతా తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. కొలతల క్రమం తారుమారైతే ఆ తగ్గుదల పెరుగుదలగా కనిపించి, నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిప్పవలసిన వేళ రైతు నిశ్చింతగా ఉండిపోతాడు. అందువల్ల జాబితా చేతికి రాగానే మేమే దాన్ని క్రమంలో పెడతాం. అక్షరాల లెక్కన పేర్చితే 10వ చెరువు 2వ చెరువు కంటే ముందుకొస్తుంది కనుక, రెండో చెరువును 02 అనే రాస్తాం. తేదీని సంవత్సరం, నెల, రోజు, గంట వరుసలో, సంవత్సరం తప్ప మిగతావన్నీ రెండేసి అంకెలతో, ఫైలు పేరులోనే పెడతాం. అలా పెట్టిన పేర్లను అక్షరక్రమంలో పేర్చినా కాలక్రమమే వస్తుంది.