సంతకం పెట్టావుగా!

మద్రాసు హైకోర్టులో 1917 నాటి కేసు ఒకటుంది, చిక్కం అమ్మిరాజు వర్సెస్ చిక్కం శేషమ్మ. ఓ పెద్దమనిషి భార్యనీ కొడుకునీ కూర్చోబెట్టి, ఫలానా ఆస్తి మీద మీకున్న హక్కు వదులుకుంటున్నట్టు నా సోదరుడి పేర రాసివ్వండి, లేదంటే చచ్చిపోతానన్నాడు. రాసిచ్చారు. తర్వాత గొడవ కోర్టుకెక్కితే, ఒక జడ్జి ఒప్పుకోకపోయినా మెజారిటీ మాత్రం అది బలవంతమే, ఆ కాగితం చెల్లదు అంది.

కత్తి చూపించలేదు, చెయ్యి చేసుకోలేదు, అయినా బలవంతమే. మన ఇళ్లలో ఇంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. మా బంధువులమ్మాయి ఒకరు సంబంధం వద్దంటే వాళ్లమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు, వాళ్ల నాన్న ఏమీ అనకుండా బీపీ మాత్రల డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మూడో రోజు ఆ పిల్ల సరే అంది. ఇప్పుడెవరడిగినా "అదే ఒప్పుకుంది, మేమేం బలవంతపెట్టలేదు" అంటారు, పైగా నిజంగానే నమ్ముతారు.

నేను లిబరల్‌నే. ఇద్దరు మేజర్లు ఇష్టపడి కుదుర్చుకున్నదాంట్లో మూడోవాడు వేలు పెట్టకూడదంటాను. కానీ సంతకం ఒక్కటీ చూసి స్వేచ్ఛ ఉందనేస్తే ఎలా? వద్దు అన్నవాడికి ఏమయ్యేదో కూడా చూడాలిగా.

చిన్న కంపెనీల్లో ఫ్రెషర్‌కి ఉద్యోగమిస్తూ ఒరిజినల్స్ తీసుకుంటారు. టెన్త్ మెమో నుంచి ప్రొవిజనల్ దాకా ఫోల్డర్‌తో సహా ఇచ్చేస్తాడు. ఆర్నెల్లకి వేరేచోట ఆఫర్ వస్తే చేతిలో ఉండేవి జిరాక్సులే. ఒప్పందానికి ఒప్పించడం కోసం ఒకరి వస్తువు అన్యాయంగా పట్టిపెట్టుకోవడం కూడా బలవంతమేనని 1872 కాంట్రాక్ట్ చట్టం 15వ సెక్షన్‌లోనే ఉంది. అంటే ఇన్నేళ్లు మానేయనని రాసిచ్చిన బాండ్‌ని పొడిగిస్తూ ఇంకో కాగితం మీద సంతకం పెడితేగానీ సర్టిఫికెట్లు ఇవ్వం అనడం హెచ్ఆర్ పాలసీ కాదండీ, బెదిరింపు.

బాండ్లన్నీ దుర్మార్గం అనను. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. భారమే, కానీ కట్టి బయటపడొచ్చు. సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేస్తే ఆ దారి కూడా ఉండదు.

కూలీల సంగతి ఇంకా ఘోరం. 1982 ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడలు) కోసం జరిగిన కట్టడాల పనుల్లో రోజుకి 9.25 రూపాయలు రావాల్సినవాళ్ల దగ్గర జమాదార్లు, అంటే కూలీల్ని తెచ్చే మేస్త్రీలు, రూపాయి కోసుకునేవారు. ఎవరూ గొలుసులతో కట్టెయ్యలేదు, వాళ్లంతట వాళ్లే వచ్చారు. అయినా ఆకలికి తలొగ్గి కనీస వేతనం కంటే తక్కువకి పనిచేయడం రాజ్యాంగం 23వ అధికరణం ప్రకారం నిర్బంధ శ్రమేనని సుప్రీంకోర్టులో జస్టిస్ భగవతి బెంచి తీర్పిచ్చింది. ఆ లెక్కన జీతానికెళ్లే మనందరం నిర్బంధ కూలీలమేగా అని ఓ ఫ్రెండ్ ఎప్పుడూ వెక్కిరిస్తాడు. కాదు బాబూ, కోర్టు ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి కనీస వేతనం దగ్గర గీసింది.

2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పని 10 గంటలకి పెంచడానికి, ఆడవాళ్లు ఒప్పుకుంటే రాత్రి షిఫ్టు వేయడానికి ఓకే అంది. రాత్రి షిఫ్టు మీద నాకు అభ్యంతరం లేదు, చేస్తానన్న మనిషిని ఆపడానికి మనమెవరం? కాకపోతే తనిఖీకి వచ్చిన లేబర్ ఆఫీసర్లు ఒప్పుకున్నవాళ్ల ఫారాలు లెక్కపెట్టుకుని వెళ్లిపోకుండా, రానన్నవాళ్లు ఏడాది తర్వాత అదే ఉద్యోగంలో, అదే జీతంతో ఉన్నారో లేదో చూడాలి.