ఏడు మాత్రల మాట

నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గరలోని ఒక మేడ మీది గదిలో నేనూ నా మిత్రుడూ జానపద పాటలు తయారు చేస్తుంటాము. పాట రాయడం నా వంతు, బాణీ కట్టి ట్రాక్ చేయడం అతని వంతు. యూట్యూబ్‌లో పైన గాయని ముఖం ఉంటుంది, మా పేర్లు మాత్రం కింద డిస్క్రిప్షన్‌లో, నొక్కి తెరిస్తే తప్ప కనిపించని చోట ఉంటాయి. దీని మీద నాకు పెద్దగా పట్టింపు లేదు. నా మిత్రుడికి కొంచెం ఉంది.

జంట అనగానే మనకు రాజ్–కోటి గుర్తుకొస్తారు గాని, వారి పేర్లు పోస్టర్ల మీదనే పడేవి. తెర వెనుక జంటల్లో నాకు ఇష్టమైనవారు అమెరికాలో పాటలు రాసి, ఆల్బమ్‌లు తయారు చేసే జిమ్మీ జామ్, టెర్రీ లూయిస్. 1983లో వేరే బృందం రికార్డింగు కోసం అట్లాంటాకు వెళ్లి, మంచు తుఫానులో చిక్కుకొని, తమ సొంత బృందం 'ది టైమ్' కచేరీకి అందుకోలేకపోయినందుకు, ఆ బృందాన్ని తయారు చేసిన పాప్ గాయకుడు ప్రిన్స్ వారిద్దరినీ తొలగించాడు. 1986లో వచ్చిన గాయని జానెట్ జాక్సన్ 'కంట్రోల్' ఆల్బమ్ వీరి చేతిదే. అప్పటికి పందొమ్మిదేళ్ల జానెట్ వీరి ఊరు మినియాపొలిస్‌కు వస్తే, మొదటి కొన్ని రోజులు వీరు రికార్డింగు ఊసే ఎత్తక, ఆమెతో ఊరు తిరుగుతూ కబుర్లాడారు. తాను చెప్పుకున్న సంగతులే పాటలవుతున్నాయని ఆమెకు కొంత ఆలస్యంగా తెలిసింది.

ఇది చదివి తెలుసుకున్నా, నిరుడు అప్పగింతల పాట రాసినప్పుడు పాడే మనిషితో ముందు కబుర్లాడే ఆ పని నేను చేయలేదు. పల్లవి చివర 'వెళ్లివస్తా' అని రాశాను. దేవరకొండ వైపు నుండి వచ్చిన పాడే అమ్మాయి నాలుగు టేకుల్లోనూ అక్కడే తడబడింది. గొంతు బాగాలేదేమోనని నేను అనుకుంటుండగా, నా మిత్రుడు హెడ్‌ఫోన్ తీసి, "చెల్లె, మీ ఇంట్ల ఎట్లంటరు?" అని అడిగాడు. "పోయొస్త అంటం అన్నా" అన్నది. పలకడానికి పట్టే కాలాన్ని మాత్రల్లో లెక్కిస్తాం; ఏడు మాత్రల మాట తీసి అయిదు మాత్రల మాట పెట్టగా మిగిలిన రెండు మాత్రల ఖాళీలో అతడు డప్పు దెబ్బ ఒక్కటి వేశాడు. తరువాతి టేకు ఒక్కసారికే ఓకే అయింది. పెండ్లిళ్లలో ఆ పాట వచ్చినప్పుడు జనం సరిగ్గా ఆ దెబ్బ దగ్గరే చేయి ఎత్తుతున్నారు.