పరంగిమలై రాయి

ఒంగోలులో రాత్రి రైలు ఎక్కినప్పుడు మా దగ్గర రెండే సంచులు. ఒకదానిలో నా సర్టిఫికెట్లు, రెండోదానిలో పెరంబూరు పెద్దమ్మకు ఇమ్మని అమ్మ కట్టిన గోంగూర పచ్చడి సీసా. సర్టిఫికెట్ల సంచిని నాన్న తలకింద పెట్టుకున్నాడు. పచ్చడి సీసాను ఒళ్లో పెట్టుకుని గూడూరు దాకా కూర్చునే ఉన్నాను. నిద్ర ఎలాగూ రాదు. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి చెన్నైలో స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూ.

చీమకుర్తి ఎక్కడుందో తెలియనివాళ్లు కూడా మా ఊరి రాయిని ఎక్కడో ఒకచోట తొక్కే ఉంటారు. పెద్ద హోటళ్ల నేల మీద నల్లగా నిగనిగలాడుతూ, లోపల బంగారు రజను చల్లినట్టుండే రాయి అది. బజారులో దాని పేరు బ్లాక్ గెలాక్సీ గ్రానైట్. నాన్న ఇరవై మూడేళ్లుగా దానికి పాలిష్ పడుతున్నాడు. విశాఖలో భూగర్భశాస్త్రం చదువుతూ మొదటి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నేను చేసిన ఘనకార్యం, అది గ్రానైటే కాదని ఇంటిల్లిపాదికీ ప్రకటించడం. గ్రానైటులో క్వార్ట్జ్ దండిగా ఉంటుంది, మనది గాబ్రో జాతి రాయి, ఆ మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం అని ఉపన్యాసం ఇచ్చాను. నాన్న అన్నం కలుపుకుంటూ అంతా విని, “సరేలే అమ్మా, బిల్లులో మాత్రం గ్రానైట్ అనే రాస్తారు” అన్నాడు. నేను ఊరుకోలేదు. పక్కింటివాళ్లకూ చెప్పాను.

డిగ్రీ అయ్యాక జర్మనీలోని ఫ్రైబెర్గ్‌లో సీటు వచ్చింది. 1168లో వెండి దొరకడంతో పెరిగిన ఊరు అది. 1765లో అక్కడ గనుల విద్యాలయం పెట్టారు, ఇప్పటికీ నడుస్తున్నవాటిలో ప్రపంచంలోకెల్లా పాతది అదే. 1886లో జర్మేనియం మూలకాన్ని కనుగొన్నది అక్కడే. అంతకుముందు, 1863లో, ఇండియం కూడా. ఆ కథ నాకు చాలా ఇష్టం. ప్రయోగం చేస్తున్న ఫెర్డినాండ్ రైక్‌కు రంగులు తెలిసేవి కావు. అందుకని వర్ణపటం చూసే పని సహాయకుడు రిక్టర్‌కు అప్పగించాడు. రిక్టర్‌కు నీలిమందు రంగులో, అంతవరకు ఎవరూ చూడని గీత ఒకటి కనబడింది. ఆ ఇండిగో నుంచే ఇండియం అన్నారు. తన కళ్లకు అందనిది పక్కవాడి కళ్లతో చూసిన శాస్త్రవేత్త అని డైరీలో రాసుకున్నాను కూడా. ఆ మాట చెన్నైలో నాకే పనికొస్తుందని అప్పుడు తెలియదు.

సీటు రావడం ఒక ఎత్తు, వెళ్లడం ఇంకో ఎత్తు. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు ఉండదన్న మాట విని మా ఇంట్లో పండగ చేసుకున్నారు. తరువాత బ్లాక్డ్ అకౌంటు సంగతి తెలిసింది. వీసా కావాలంటే ఏడాది బతకడానికి సరిపడా 11,904 యూరోలు ముందే బ్యాంకులో వేసి చూపించాలి. అందులోంచి నెలకు 992 చొప్పునే తీసుకోనిస్తారు. ఫోనులో లెక్క వేస్తే పదకొండు లక్షలు దాటింది. నాన్న ఆ అంకెను చాలాసేపు చూసి, ఫోను తిరగేసి బల్ల మీద పెట్టాడు. స్కాలర్‌షిప్ ఇచ్చే సంస్థ నుంచి ఉత్తరం ఉంటే ఆ డిపాజిట్ అక్కర్లేదు. మన పట్టాలు అసలువేనని తేల్చే ఏపీఎస్ ధ్రువపత్రం, ఇంగ్లీషు పరీక్ష ఎలాగో గట్టెక్కాయి. మిగిలింది ఆ ఉత్తరమే. ఐదారు చోట్ల దరఖాస్తు చేస్తే చెన్నైలోని ఒక ట్రస్టు పిలిచింది.

తెల్లవారుజామున సెంట్రల్‌లో దిగాం. పెదనాన్న పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన ఉండే వీధిలో ఉదయం పాలవాడితో తమిళం, పక్కింటి అరుగు మీద తెలుగు, గొడవ వస్తే రెండూ వినిపిస్తాయి. పెద్దమ్మ సీసా మూత తీసి వాసన చూసి, “మీ అమ్మ ఇంకా వెల్లుల్లి ఎక్కువే వేస్తోంది” అంటూ కళ్లు తుడుచుకుంది.

పదకొండింటికి ట్రస్టు ఆఫీసులో కాగితాల తనిఖీ. అక్కడ చిక్కు వచ్చింది. నా పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ తెమ్మన్నాడు గుమాస్తా. మూడింటిలోగా. ఆటోలో హైకోర్టు ఎదురుగా ప్యారిస్ కార్నర్‌కు పరుగెత్తాం. టైపు చేసే పెద్దాయనకు తెలుగు వచ్చు కానీ ఇంటిపేరు అంటే ఏమిటో ఎంత చెప్పినా ఎక్కలేదు. “ఇనిషియల్ అంటే అప్పా పేరు కదమ్మా?” అంటాడు. తమిళనాడులో అంతే మరి, తండ్రి పేరులో మొదటి అక్షరమే ఇనిషియల్. చివరికి నాన్న తన ఆధార్, తాతయ్య పేరున్న పట్టాదారు పాసుపుస్తకం నకలు పక్కపక్కన పెట్టి, ముగ్గురి పేర్లకూ ముందున్న ఒకే మాటను వేలితో చూపించాడు. “ఓ, ఊరి పేరు మాదిరి!” అన్నాడాయన. దాదాపు అంతే. పాసుపుస్తకం నకలు ఎందుకు తెచ్చావని అడిగితే, “ఆఫీసంటే తెచ్చుకోవాలి” అన్నాడు నాన్న.

రెండూ యాభైకి తిరిగి వచ్చాం.

లోపల ముగ్గురున్నారు. ఇద్దరు మామూలు ప్రశ్నలే అడిగారు. ఎందుకు ఆ దేశం, తిరిగి వస్తావా, మీ నాన్నగారేం చేస్తారు. నాకు ధైర్యం వచ్చి చీమకుర్తి రాయి గ్రానైటు కాదన్న నా పాత ఉపన్యాసం అప్పజెప్పాను. మూడో ఆయన, తల నెరిసిన మనిషి, అప్పటిదాకా నోరు విప్పలేదు. బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టిన రాయి తీసి నా ముందుంచాడు. “మరి ఇదేమిటి?”

ట్యూబులైటు వెలుగులో బూడిద రంగు ముక్క. క్వార్ట్జ్ ఉంది, ఫెల్డ్‌స్పార్ ఉంది. తిప్పి చూశాను. “గ్రానైట్” అన్నాను.

ఆయన నవ్వలేదు. “సగం ఒప్పు” అని రాయి మళ్లీ కాగితాల మీద పెట్టాడు. నేను లేచాక తెలుగులో అడిగాడు: “మీ రైలు ఎప్పుడమ్మా? రేపు సాయంత్రమా? అయితే పొద్దున పరంగిమలై ఎక్కి చూడు.”

మెట్లు దిగుతుంటే వెలిగింది. ఆ కొండ రాయే, చార్నొకైట్! పరీక్షలో ఎనిమిది మార్కులకు రెండు పేజీలు రాసిన రాయి. రాత్రి పెద్దమ్మ వడ్డించిన సాంబారు అన్నం గొంతు దిగలేదు.

పొద్దున్నే పార్క్ స్టేషన్‌లో తాంబరం వైపు లోకల్ ఎక్కి, గిండీ దాటగానే దిగాం. సెయింట్ థామస్ మౌంట్‌ను ఊళ్లోవాళ్లు పిలిచే పేరు పరంగిమలై. దాదాపు మూడు వందల అడుగుల గుట్ట. పైన 1523లో పోర్చుగీసువాళ్లు కట్టిన చర్చి. మెట్లు వేయించినవాడు పెట్రస్ ఉస్కాన్ అనే అర్మేనియా వర్తకుడు. పైనుంచి చూస్తే విమానాశ్రయం కాళ్లకిందే ఉన్నట్టుంటుంది. విమానం దిగే ప్రతిసారీ మా మాటలు సగంలో ఆగిపోయేవి. దాని వెనకాల పల్లావరం. 1863 మేలో భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు రాతియుగపు చేగొడ్డలి దొరికింది అక్కడే. అంటే అటు ఫ్రైబెర్గ్‌లో ఇండియం బయటపడిన ఏడే.

పైన సర్వే అధికారి విలియం ల్యాంబ్టన్ ప్రతిమ ఉంది. దేశమంతటినీ త్రిభుజాలుగా కొలిచిన మహా సర్వేకు మొదటి గీత 1802 ఏప్రిల్ 10న ఇక్కడే మొదలైంది. వంద అడుగుల ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్లు కొలిచారని చెబితే నాన్న చొక్కా జేబులోని టేపు తడుముకున్నాడు. స్లాబుల అడుగులు కొలిచే ఆ టేపు లేకుండా ఆయన పెళ్లిళ్లకు కూడా వెళ్లడు. “ఏప్రిల్ ఎండలోనా? ఉక్కు సాగదూ?” అన్నాడు. సాగుతుంది. అందుకే గొలుసును చెక్క పెట్టెల్లో పరిచి, పైన గుడారాలు వేసి, థర్మామీటర్లు పెట్టి లెక్క సరిచేసుకున్నారు. అది విన్నాక ల్యాంబ్టన్‌ను నాన్న మనసారా మెచ్చుకున్నాడు. దేవాలయం ముందు నిలబడ్డట్టు చెప్పులు విడిచి ఒక నిమిషం నిలబడ్డాడు కూడా.

దిగేటప్పుడు దారి పక్కన బండ ఒకటి కనిపించింది. ఎండకూ వానకూ పాలిపోయి, నిన్నటి ముక్కలాగే బూడిద రంగులో ఉంది. నిన్న జరిగింది అప్పటికిగానీ నాన్నకు చెప్పలేదు. చెప్పాను. పక్కింటివాళ్లకు కూడా గ్రానైటు కాదని పాఠం చెప్పినదాన్ని, వేరే రాయిని చూసి గ్రానైటన్నాను.

“తడిపి చూశావా?”

“ఏమిటి?”

“రాయి రంగు పొడిగా ఉంటే చెబుతుందా? మా దగ్గర బ్లాకు కొనేవాడు ముందు నీళ్లు పోసే చూస్తాడు. పాలిష్ పట్టాక ఎలా ఉంటుందో నీళ్లే చెప్పేస్తాయి.” నీళ్ల సీసా మూత తీసి బండ మీద పోశాడు.

రాయి మారిపోయింది. బూడిద రంగు పోయి ముదురు నీలంలో ఆకుపచ్చ కలిసినట్టు, నూనె రాసినట్టు మెరిసింది. క్వార్ట్జ్ గింజల్లో కూడా నీలి జీర. పుస్తకంలో ‘జిడ్డు మెరుపు’ అని చదివి మార్కులు తెచ్చుకున్నది ఇదే. మధ్యమధ్య గోధుమ నలుపు గింజలు హైపర్‌స్థీన్. ఆ ఖనిజం ఉన్న గ్రానైటే చార్నొకైట్. ఆయన సగం ఒప్పు అన్నది అందుకు. భూమి లోపల బాగా లోతున, 700 డిగ్రీలు దాటిన వేడిలో, నీరు చాలా తక్కువగా ఉన్నచోట పుడుతుంది. ఇక్కడిది సుమారు 250 కోట్ల ఏళ్లనాటిది.

“నీ గెలాక్సీలో బంగారు చుక్క లేదూ, ఈ నల్ల గింజ దానికి తోబుట్టువే” అన్నాను. రెండూ పైరాక్సీన్ అనే ఖనిజాల కుటుంబమే. నాన్న గోటితో ఆ గింజను గీకి చూశాడు. ఇంతకాలం నేను చెప్పిన శాస్త్రంలో ఆయన వంగి చూసింది ఇదొక్కటే.

పేరెలా వచ్చిందని అడిగాడు. కలకత్తాను స్థాపించాడని చెప్పే జాబ్ చార్నాక్ సమాధి మీద పరిచింది మద్రాసు వైపు రాయి. థామస్ హాలండ్ అనే భూగర్భశాస్త్రవేత్త 1893లో ఆ సమాధి రాయిని పరీక్షించి, కొత్త రకమని గుర్తించి, కింద పడుకున్నవాడి పేరే పెట్టాడు. నాన్నకు చార్నాక్ మీద ఆసక్తి కలగలేదు. “ఆ రోజుల్లో అంత దూరం పగలకుండా ఎలా చేర్చారో” అన్నాడు.

నీళ్లు ఆరిపోయాయి. బండ మళ్లీ బూడిద రంగుకు వచ్చింది. ఇంకోసారి పోద్దామంటే సీసా ఖాళీ.

ట్రస్టు ఉత్తరం ఇరవై రోజులకు వచ్చింది, ఇచ్చారు. ఆ సాయంత్రం రైల్లో మాత్రం మాకు ఏమీ తెలియదు. సూళ్లూరుపేట దాటాక పెద్దమ్మ కట్టిచ్చిన పులిహోర తింటూ నాన్న అడిగాడు:

“నువ్వు పోయే ఊళ్లో ఏ రాయి?”

“నైస్ అనే రాయి. చారలు చారలుగా ఉంటుంది.”

“పాలిష్ ఎక్కుతుందా?”

“తెలియదు నాన్నా. తడిపి చూసి ఫోను చేస్తాను.”