ఈకల దుమ్ముతో వచ్చిన జ్వరం

అడవి బాతుల వేటకు వెళ్ళేవారు జబ్బుల మాట ఎత్తితే, అది మాంసం దగ్గర మొదలై మాంసం దగ్గరే ముగుస్తుంది. పేగు చిట్లి మాంసానికి అంటిందా, లోపలి దాకా ఉడికిందా, పక్షిని కోసిన కత్తితోనే కూరగాయలు తరిగారా అన్నవే అందరూ అడిగే ప్రశ్నలు. అవి అడగవలసినవే. సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ వంటి బాక్టీరియా పక్షుల పేగుల్లో ఉంటాయి కాబట్టి ఆ జాగ్రత్త తప్పదు. అయితే నన్ను మంచాన పడేసిన జబ్బు ఊపిరితో పాటు లోపలికి వచ్చింది. దాని పేరు సిటకోసిస్. క్లమిడియా సిటసై అనే బాక్టీరియా వల్ల వస్తుంది. చిలకలు పెంచేవారికి వచ్చే జబ్బుగా దానికి పేరుంది గానీ బాతులు, పావురాలు, టర్కీ కోళ్ళు, సముద్రపు పక్షులు కూడా దాన్ని మోస్తాయి.

వేట సీజన్ ముగింపుకు వచ్చిన రోజులవి. గాలి విపరీతంగా ఉండటంతో, మామూలుగా ఆరుబయట చేసే పనిని ఆ రోజు షెడ్డులో పెట్టుకున్నాము. తలుపు మూసి, లైటు వేసుకుని, నేనూ నాతో వేటకు వచ్చే ఒక పెద్దాయనా ఎదురెదురుగా కూర్చుని ఈకలు పీకాము. పెద్ద ఈకలు గుప్పిట్లోకి తేలిగ్గానే వస్తాయి, వాటి కింది నూగుతోనే చిక్కంతా. అది వేళ్ళకు, పెదవులకు, కనురెప్పలకు అంటుకుంటుంది, ఊదితే లేచి మళ్ళీ మొహం మీదే వాలుతుంది. తోక దగ్గరి ఈకలకు ఎండిన రెట్ట పొలుసులా పట్టి ఉండి, లాగినప్పుడల్లా సన్నని పొడిగా రాలుతుంది. ఆ పొడీ నూగూ కలిసి లైటు కింద తేలుతూనే ఉన్నాయి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకున్నాము, ముక్కుకు మాత్రం ఏ అడ్డూ లేదు. ఈ బాక్టీరియా పక్షి రెట్టలోనూ, ముక్కు, కళ్ళ నుంచి కారే ద్రవంలోనూ బయటికి వస్తుంది, ఎండిపోయిన తరువాత కూడా చాలాకాలం బతికే ఉంటుంది. సోకిన పక్షి తరచుగా పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. మేము తెచ్చిన బాతుల్లో తూలుతూ తిరిగినది గానీ మెడ వాల్చేసినది గానీ ఒక్కటీ లేదు, అన్నీ బలంగా ఎగురుతుండగా కొట్టినవే.

ఈ జబ్బు లక్షణాలు సాధారణంగా 5 నుంచి 14 రోజుల మధ్య బయటపడతాయి. అంటే తుపాకులు శుభ్రం చేసి లోపల పెట్టి, మాంసం పంచుకుని, వేట సంగతి మరచిపోయి రోజువారీ పనుల్లో పడేంత వ్యవధి. నాకు మొదట చలి పుట్టింది, ఆ రాత్రే జ్వరం 103 డిగ్రీలు దాటింది. జ్వరం కన్నా తలనొప్పే ఎక్కువ బాధపెట్టింది. కనుగుడ్ల వెనుక మేకులు దిగేసినట్టుండేది, కిటికీ తెర కొద్దిగా తొలగినా వెలుతురు భరించలేకపోయేవాణ్ణి. పిక్కలు, నడుము, మెడ కండరాలు పట్టేశాయి. దగ్గు రెండు మూడు రోజులు ఆలస్యంగా మొదలైంది, అదీ కఫం లేని పొడిదగ్గు కాబట్టి దాని మీద ఎవరి దృష్టీ పడలేదు. మొదట చూసిన డాక్టరు ఫ్లూ అయి ఉంటుందన్నారు. జ్వరం తగ్గకపోవడంతో, ఛాతీలో ఇన్ఫెక్షన్ అనుకుని పెన్సిలిన్ జాతి యాంటీబయోటిక్ రాశారు. ఈ బాక్టీరియా మన కణాల లోపల చేరి పెరుగుతుంది, పైగా పెన్సిలిన్ జాతి మందులకు సరిగా లొంగదు. అందువల్ల మాత్రలు వేళకు పడుతూనే ఉన్నా జ్వరం దిగలేదు, మెట్లు ఎక్కితే ఆయాసం కూడా తోడైంది.

ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా కమ్మి ఉంది. అక్కడి డాక్టరుకు దానికన్నా నా నాడి ఎక్కువ ఆసక్తి కలిగించింది. ఒంట్లో 104 డిగ్రీల జ్వరం కాగుతున్నా నాడి నిమిషానికి 80 దగ్గరే ఉంది. అంత జ్వరానికి అది ఎంతో వేగంగా కొట్టుకోవాలి. అలా జరగకపోవడం టైఫాయిడ్‌లోనూ, కొన్ని రకాల న్యుమోనియాలోనూ కనిపిస్తుందని, వాటిలో ఇదొకటని తరువాత ఆమే వివరించారు. అప్పుడు మాత్రం మంచం పక్కన నిలబడి, ఇంట్లో చిలకలు గానీ పావురాలు గానీ పెంచుతున్నారా అని అడిగారు. లేవని నా భార్య చెప్పింది. డాక్టరు అక్కడితో ఆగకుండా, "ఈ నెలలో ఏ పక్షినైనా చేత్తో పట్టుకున్నారా? చచ్చినదైనా సరే, చెప్పండి" అన్నారు. ఆ రెండో ప్రశ్నే నా చికిత్సను మలుపు తిప్పింది. వేటగాడికి బాతు పెంపుడు పక్షి కాదు కాబట్టి, మొదటి ప్రశ్నకు ఏ వేటగాడైనా లేదనే జవాబిస్తాడు.

అడవి బాతులు అన్న మాట వినగానే నన్ను విడి గదికి మార్చారు. లోపలికి వచ్చే ప్రతివారూ మాస్కు, కంటి అద్దాలు, గౌను వేసుకునే వచ్చారు. వారి అనుమానం బర్డ్ ఫ్లూ మీద. నీటిపక్షులే ఆ వైరస్‌కు సహజమైన ఆవాసం, వాటిలో కొన్ని ఏ లక్షణమూ లేకుండానే దాన్ని మోసుకు తిరుగుతాయి. 2006లో అజర్‌బైజాన్‌లో చనిపోయిన అడవి హంసల ఈకలు పీకినవారికి హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ సోకి, వారిలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఈ సంగతి నాకు అంతకుముందే తెలియడం వల్ల ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముక్కు నుంచి, గొంతు నుంచి నమూనాలు తీసి పరీక్షకు పంపి, ఫలితం కోసం ఆగకుండానే ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు మొదలుపెట్టారు. ఆ మందు ఎంత తొందరగా పడితే అంత మేలు కాబట్టి ఆగకపోవడమే సరైనది. అదే సమయంలో, పక్షుల నుంచి వచ్చే మరో జబ్బైన సిటకోసిస్ అయ్యే అవకాశాన్ని కూడా వదలకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ 100 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇవ్వడం ప్రారంభించారు.

మార్పు స్పష్టంగా తెలిసింది. రెండు రోజులు తిరగకుండానే జ్వరం దిగింది, తలనొప్పి సడలింది, చాలా కాలం తరువాత ఆకలి వేసింది. బర్డ్ ఫ్లూ లేదని ఈలోగా తేలింది. గొంతు నమూనాకు చేసిన పీసీఆర్ పరీక్షలో (సూక్ష్మజీవి జన్యు పదార్థాన్ని వెతికే పరీక్ష) క్లమిడియా సిటసై బయటపడింది. కొన్ని వారాల తరువాత రెండోసారి తీసిన రక్తంలో యాంటీబాడీలు మొదటిసారి కన్నా ఎన్నో రెట్లు పెరిగి ఉండటంతో అది మరింత ధ్రువపడింది. యాంటీబయోటిక్స్ రాకముందు ఈ జబ్బు సోకినవారిలో 15 నుంచి 20 శాతం మంది చనిపోయేవారు, సరైన మందు పడితే ఇప్పుడు ఆ సంఖ్య ఒక శాతం లోపే. 1930లలో ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో ఫుల్మార్ అనే సముద్రపు పక్షి పిల్లల ఈకలు పీకిన ఆడవారికి ఇది పెద్ద ఎత్తున సోకింది, గర్భిణులకు మరీ ప్రాణాంతకమైంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఈకలు పీకే పనికి ఆమెను దూరంగా ఉంచడం అతి జాగ్రత్త అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆరోగ్య శాఖ నుంచి ఒక ఉద్యోగి ఫోన్ చేసి, ఆ బాతులను ఇంకెవరెవరు తాకారో వివరంగా రాసుకున్నారు. ఆ తరువాత నేను పెద్దాయనకు ఫోన్ చేస్తే, "నాకూ ఒళ్ళు కాలిందిరా తమ్ముడూ, జలుబే కదా అని ఊరుకున్నాను" అన్నారు. ఒకే షెడ్డులో ఒకే గాలి పీల్చిన ఇద్దరిలో ఒకరిని ఆసుపత్రి పాలు చేసి, మరొకరిని తుమ్ములతో వదిలిపెట్టడం ఈ జబ్బుకు మామూలే. పెద్దాయన కూడా వెళ్ళి రక్తపరీక్ష చేయించుకున్నారు.

కోలుకోవడం మాత్రం జ్వరం దిగినంత వేగంగా జరగలేదు. జ్వరం పోయాక కూడా రెండు వారాల పాటు మాత్రలు ఆపకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు, మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. పాలతో కలిపి వేసుకుంటే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు, వేసుకున్న వెంటనే పడుకుంటే అన్నవాహికలో పుండు పడవచ్చు, ఎండలోకి వెళితే చర్మం తొందరగా కమిలిపోతుంది. ఈ మూడింటినీ నర్సు కాగితం మీద రాసి ఇచ్చింది. ఇంటికి వచ్చాక ఒక అంతస్తు ఎక్కి కూలబడేవాణ్ణి. గట్టిగా నవ్వితే దగ్గు తెర వచ్చేది. ఎక్స్‌రేలోని తెలుపు పూర్తిగా పోవడానికి నెల పైనే పట్టింది, నీరసం దానికన్నా మొండిగా నిలిచింది.

మళ్ళీ వేటకు వెళుతున్నాను. ఈకలు పీకే తీరు మాత్రం పూర్తిగా మారింది. పక్షిని ముందు నీటిలో బాగా ముంచి, నూగు తడిసి చర్మానికి అతుక్కున్నాకే చెయ్యి వేస్తాను, తడి ఈక గాలిలోకి లేవదు. పని ఎప్పుడూ ఆరుబయటే, గాలి వీపు మీద తగిలేలా కూర్చుని, మొహానికి బిగువుగా పట్టే ఎన్95 మాస్కు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని చేస్తాను. రొమ్ము మాంసం చాలనుకున్న రోజున ఈకలు పీకకుండా తోలు వలిచేస్తే దుమ్ము బెడద చాలావరకు తగ్గుతుంది, వలిచిన తోలుతో కూర రుచి పోతుందని పెద్దాయన సణుగుతారు గానీ. వేటకుక్కకు పచ్చి పేగులు వేయడం మానేశాము, కుక్కలకు కూడా బర్డ్ ఫ్లూ సోకగలదు. ఈత రాక గుండ్రంగా తిరుగుతున్న బాతును గానీ, ఒడ్డున చచ్చి పడివున్న గుంపును గానీ చూస్తే తాకకుండా వన్యప్రాణి శాఖకు తెలియజేస్తాము.

వేటగాళ్ళ భయాలు ఒక్కోసారి వింత దారి పడతాయి. బాతు రొమ్ము కండలో బియ్యపు గింజల్లా వరసగా తెల్లని పలుకులు కనిపిస్తే పురుగులని కేకలు వేసి పక్షిని విసిరేసేవారే, ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా నూగు మబ్బులో గంటసేపు కూర్చుంటారు. ఆ గింజలు సార్కోసిస్టిస్ అనే పరాన్నజీవి తిత్తులు. చూడటానికి అసహ్యంగా ఉన్నా, బాగా ఉడికించి తింటే మనిషికి హాని చేయవు. మాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరేలా వండితే బర్డ్ ఫ్లూ వైరస్ కూడా నశిస్తుంది.

ఒకసారి వచ్చిపోయింది కాబట్టి ఇక రాదన్న హామీ సిటకోసిస్ విషయంలో లేదు. దీనికి టీకా లేదు, ఒంట్లో పుట్టిన రక్షణ ఎక్కువ కాలం నిలవదు. అందుకే సీజన్‌లో జ్వరం తగిలితే, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఆయన అడిగేదాకా ఆగకుండా అడవి పక్షుల ఈకలు పీకుతానన్న సంగతి, ఆఖరిసారి పీకిన తేదీ ముందే చెబుతున్నాను.