ఆఫీసు నాలుగు కిలోమీటర్లు, బండి డీజిల్‌ది: నా అనుభవం

2021 డిసెంబరులో మేం డీజిల్ కారు కొన్నప్పుడు నా ఉద్యోగం భూపాలపల్లిలో, ఇల్లు హనుమకొండ వడ్డేపల్లిలో. రానూపోనూ 130 కిలోమీటర్లు. నాతో పాటు ఇంకో ఇద్దరు ఎక్కేవాళ్లు, డీజిల్ ఖర్చు ముగ్గురం పంచుకునేవాళ్లం.

అదే మోడల్ పెట్రోలు బండి కంటే దీని ఆన్‌రోడ్ ధర లక్షా ముప్పై వేలు ఎక్కువ. లైఫ్ ట్యాక్స్ కూడా ధరను బట్టే కాబట్టి అదీ అందులోనే కలిసింది. కొనే ముందు నోట్‌బుక్‌లో లెక్క వేసుకున్నాను. అప్పుడు ఇక్కడ పెట్రోలు లీటరు 108 దగ్గర, డీజిల్ 95 దగ్గర ఉన్నాయి. పెట్రోలు బండి లీటరుకు 13 ఇస్తే కిలోమీటరుకు 8 రూపాయల 30 పైసలు. డీజిల్ బండి 18 ఇస్తే 5 రూపాయల 30 పైసలు. అంటే కిలోమీటరుకు మూడు రూపాయల తేడా. నెలకు 2,600 కిలోమీటర్లు తిరిగితే 7,800 మిగులుతాయి, పదిహేడు నెలల్లో ఎక్కువ పెట్టిన డబ్బు చేతికొస్తుంది. దాదాపు అలాగే వచ్చింది కూడా.

ఆ రోడ్డుకు ఆ బండి సరిగ్గా సరిపోయింది. గూడెప్పాడ్ దాటాక లారీలు వరుసకట్టి ఉంటాయి. లోడు లారీని దాటాలంటే గేరు మార్చే పనే ఉండేది కాదు. 1,800 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర యాక్సిలరేటర్ మీద కాస్త కాలు ఆనిస్తే చాలు, బండి ముందుకు దూసుకుపోయేది. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు ఐదుగురం వెళ్లాం, డిక్కీ నిండా సామాను, మొక్కు బంగారం (బెల్లం). తాడ్వాయి దగ్గర ట్రాఫిక్‌లో మూడు గంటలు ఏసీ వేసుకుని నిలబడ్డా డీజిల్ ముల్లు పెద్దగా దిగలేదు.

2024 జూలై బదిలీల్లో నాకు హనుమకొండ వచ్చింది. సుబేదారిలో ఆఫీసు, ఇంటి నుంచి నాలుగు కిలోమీటర్లు. ఎన్నాళ్ల నుంచో కోరుకున్న బదిలీ. ఆ సంతోషంలో బండి సంగతి నాకు తట్టనే లేదు. అప్పటికి మీటరు మీద 86,000 కిలోమీటర్లు.

దసరా దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం గేటు లోపల బండి ఆపి తాళం తీశాను. ఇంజన్ ఆగినా రేడియేటర్ ఫ్యాన్ మాత్రం గట్టిగా తిరుగుతూనే ఉంది. బండి కింది నుంచి ఇనుము కాలినట్టు వాసన, వేడి సెగ. మా ఆయన బకెట్‌తో నీళ్లు పట్టుకొచ్చారు. పది నిమిషాలకు అంతా చల్లబడింది. అప్పటికే నెలరోజులుగా ఒక్కోరోజు సిగ్నల్ దగ్గర ఇంజన్ కాస్త ఎక్కువ శబ్దంతో తిరగడం, మైలేజీ 18 నుంచి 11కు పడిపోవడం నేను గమనించాను గానీ, సిటీ ట్రాఫిక్ కదా అనుకున్నాను.

తర్వాతి వారం అదాలత్ సెంటర్ దగ్గర మీటరులో పసుపు లైటు వెలిగింది. డబ్బా బొమ్మలో చిన్న చుక్కలు. ఆ రాత్రి మాన్యువల్ తీసి చదివాను. ఆ లైటు డీపీఎఫ్‌దట. డీపీఎఫ్ అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకు ఇది తప్పనిసరి అయిపోయింది. పట్టిన మసిని బండి తనే అప్పుడప్పుడు కాల్చుకోవాలి. అందుకు కొంత డీజిల్ అదనంగా పంపి ఫిల్టర్‌ను 600 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. ఆ పని పూర్తవ్వాలంటే పదిహేను, ఇరవై నిమిషాలు ఆగకుండా ఒకే వేగంతో నడవాలి. నా ప్రయాణం మొత్తం పన్నెండు నిమిషాలు, అందులో నాలుగు సిగ్నళ్లు. కాల్చడం మొదలుపెట్టిన ప్రతిసారీ మధ్యలో నేను ఇంజన్ ఆపేస్తున్నాను.

మా తమ్ముడికి 2012 నాటి డీజిల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది. ఆ రోజుల్లో పెట్రోలుకూ డీజిల్‌కూ లీటరు దగ్గర 30 రూపాయల తేడా ఉండేది. డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ 2014 అక్టోబరు దాకా పోలేదు. అందుకే అందరూ డీజిలే కొన్నారు. వాడి బండి ఊళ్లోనే తిరిగి లక్షన్నర దాటింది, ఏ లైటూ వెలగలేదు. "డీజిల్ బండి మొండిది అక్కా, ఏం కాదు" అన్నాడు. నేనూ నమ్మాను. కానీ వాడి బండిలో ఈ ఫిల్టరే లేదు.

ఇంకో పది రోజులకు కాజీపేట రైల్వే బ్రిడ్జి ఎక్కుతుంటే బండికి బలం పోయింది. ఎంత తొక్కినా 40 దాటలేదు, ఇంజన్ లైటు కూడా వెలిగింది. వెనక బస్సు హారన్ కొడుతుంటే చెమటలు పట్టాయి. సర్వీస్ సెంటర్‌లో చూసి ఫిల్టర్ మార్చాలన్నారు. లక్షా పది వేల అంచనా రాసిచ్చారు. వారంటీ అయిపోయిందన్నారు. ఆ టెన్షన్‌లో రెండు రాత్రులు నిద్ర లేదు. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిప్పుతున్నారని వాళ్లు ఒక్క మాట కూడా అడగలేదు. కొన్నప్పుడు షోరూంలోనూ అడగలేదు. ఇప్పటికీ నా బాధ అదే.

తెలిసినవాళ్లు చెబితే ములుగు రోడ్డులో ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. మెకానిక్ స్కానర్ (బండి కంప్యూటర్‌ను చదివే పరికరం) పెట్టే ముందు ఆయిల్ పుల్ల బయటికి లాగాడు. గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. ఆయిల్ పై గీతకు వేలెడు ఎత్తున ఉంది. "వాసన చూడు అక్కా" అని ఆ గుడ్డ నా ముందు పెట్టాడు. ఇంజన్ ఆయిల్‌లో డీజిల్ వాసన! మసి కాల్చడానికి పంపిన డీజిల్ కాలకుండా మిగిలి, సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగిందట. అలా పలచబడిన ఆయిల్‌తో తిప్పితే టర్బో, బేరింగులు పాడవుతాయి. అప్పటిదాకా నేను ఆయిల్ తగ్గిందా అని చూశాను గానీ, పెరిగితే ప్రమాదమని నాకు తెలియదు.

"ఫిల్టర్ పోలే అక్కా, మసి నిండింది. మీరు బండిని దూరం తీస్కపోతలేరు, గంతే" అన్నాడు. సిమెంటు గచ్చు మీద బండి నిలబెట్టి, చుట్టుపక్కల చెత్తంతా ఊడ్పించి, మసి కాల్చమని స్కానర్‌తో ఆదేశమిచ్చాడు. ఎవరూ తొక్కకుండానే ఇంజన్ పెద్దగా అరవడం మొదలుపెట్టింది. స్కానర్ తెర మీద వేడి 300, 450, 600 దాటింది. మసి శాతం మాత్రం చాలాసేపు కదల్లేదు. పావుగంట తర్వాత ఒక్కొక్క అంకె దిగుతూ వచ్చింది. నలభై నిమిషాలకు లైటు పోయింది. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చాడు. ఈ బండ్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలని డబ్బా మీది గ్రేడు చూపించాడు. మొత్తం 8,400 అయింది.

ఆ తర్వాత రెండు వారాలకోసారి ఆదివారం జనగామలో అమ్మ దగ్గరికి ఆ బండి మీదే వెళ్లొచ్చాను. స్టేషన్ ఘనపూర్, రఘునాథపల్లి మీదుగా హైదరాబాద్ హైవే, నాలుగో గేరు, 2,000 ఆర్‌పీఎం పైన, స్పీడు 70కి తగ్గకుండా. లైటు మళ్లీ రాలేదు. అమ్మ సంతోషపడింది. కానీ ఒక ఆదివారం పిల్లాడికి జ్వరమొచ్చి వెళ్లలేకపోతే, పక్కన కూర్చుని కూడా బండి గురించే ఆలోచిస్తున్నాను. ఆ రోజే అమ్మేద్దామని మా ఆయనతో అన్నాను. నెలకు 250 కిలోమీటర్లకు మైలేజీ బాగున్నా మిగిలేది 750 రూపాయలు.

"పదేళ్లకు డీజిల్ బండి తుక్కే, ఎవరు కొంటారు" అని కొందరు భయపెట్టారు. ఆ పదేళ్ల నిబంధన ఢిల్లీ పరిసరాలకు పెట్టింది. మన దగ్గర రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, బండి బాగుంటే ఆ తర్వాత ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు. మా బండికి 2036 దాకా ఉంది.

హనుమకొండ నుంచి రోజూ ములుగు వెళ్లొచ్చే ఒక లెక్చరర్ గారు బండి కొంటానని అడిగారు. ఆయనకు రానూపోనూ వంద కిలోమీటర్లు. లైటు వచ్చిన సంగతి, గ్యారేజీ బిల్లు, లక్షా పది వేల అంచనా కాగితం అన్నీ ముందు పెట్టాను. ఆయనే ఆయిల్ పుల్ల లాగి చూసుకున్నారు. బ్యాంకు నుంచి అప్పు తీరిందన్న ఎన్‌వోసీ, ఆర్‌సీలో లోన్ పేరు తీసేయడానికి ఫారం 35, పేరు మార్పిడికి 29, 30 ఫారాలు, ఆర్టీఏ (రవాణా శాఖ ఆఫీసు) స్లాట్, పద్నాలుగు రోజుల్లోపు ఇన్సూరెన్స్ మార్పు. ఇవన్నీ దగ్గరుండి చేయించాను, ఆర్‌సీ ఆయన పేరు మీదికి వచ్చేదాకా వదల్లేదు.

మూడు నెలలకు ఆయన ఫోన్ చేశారు. "మేడం, లైటు ఒక్కసారీ రాలేదు. ఆయిల్ గీత మీదే ఉంది. మైలేజీ పద్దెనిమిదిన్నర ఇస్తోంది" అన్నారు.