బండలు పెరికి కలివి నాటినాము

కడపలో ఇల్లు కట్టుకుంటే ఇంటి చుట్టూ బండలు పరిపించాల్సిందే అనుకుంటాం. మేమూ అదే చేశాం. బండ చౌక, ఊడ్చుకోవడం సులువు, వానకు బురద కాదు. కానీ ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం వాటి మీద కాలు పెట్టలేం, రాత్రి తొమ్మిదైనా సెగ దిగదు, ఒక్క పిట్ట వాలదు. నాలుగేళ్ల కింద తూర్పు వైపు సెంటున్నర మేర బండలు పెరికించేసి, చెట్లు, పొదలు పెట్టడం మొదలుపెట్టాను.

మా పక్కింటి పెద్దమ్మ గోడ మీది నుంచి చూసి, "ఏం నాయనా, డబ్బులు పోసి పరిపించిన బండలు తీసి కంప పెంచుతాండావా? పాములొస్తాయి సూసుకో" అనింది. ఆమె భయం తీసిపారేసేది కాదు. అందుకే పొదలన్నీ కాంపౌండు గోడ వెంబడే పెట్టి, ఇంటి గడప నుంచి పది అడుగులు ఖాళీగా ఉంచాను, అక్కడ రోజూ ఊడుస్తాం. బియ్యం, నూకలు చల్లడం కూడా మానేశాను. గింజలు చల్లితే ముందొచ్చేది పావురాలు, ఆ తర్వాత ఎలుకలు, ఎలుకల వెంట పాములు.

మొదటి ఏడాది నర్సరీలో ఏమిస్తే అవి తెచ్చాను. క్రోటన్లు, రెండు కోనోకార్పస్‌లు, అన్నీ బయటి దేశాల మొక్కలే. పచ్చగా బతికాయి, కానీ వాటి ఆకుకు ఒక్క పురుగు పట్టలేదు, పిట్ట కూడా రాలేదు. ఈ రెండింటికీ సంబంధముందని అప్పుడు తట్టలేదు. తేనెపిట్ట తేనె తాగే మాట నిజమే, కానీ పిల్లలకు మాత్రం పురుగులు, సాలీళ్లు తెచ్చి పెడుతుంది. పిగిలిపిట్ట పళ్లు తిన్నా పిల్లల నోట్లో పెట్టేది ఎక్కువగా పురుగే. మన నేలలో పుట్టిన చెట్టుకైతే మన పురుగులు పడతాయి. తంగేడు ఆకు మీద పసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి, కరివేపాకు మీద నల్లవి పెడతాయి. చెట్టు ఆకును పురుగు తింటాంటే చెట్టు పాడైందని కాదు, అక్కడ పిట్టకు వంట అవుతున్నట్టు.

ఇది నాకు తెలిసొచ్చిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. రెండో ఏడు కరివేపాకు నిండా ఆకుపచ్చ పురుగులు పట్టాయని పురుగుమందు కొట్టాను. పక్కనే అడ్డసరం మొక్కలో ఆకులు కుట్టి గూడు కట్టే చిన్నపిట్ట పిల్లల్ని పెట్టుకునుంది. రెండ్రోజులకు తల్లిదండ్రులు రావడం ఆగిపోయింది. ఆ గూడు విప్పి చూసే ధైర్యం నాకు రాలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో మందు డబ్బా లేదు.

ఆ తర్వాతే బద్వేలు దగ్గర మా చిన్నాన్న చేని గట్టు మీది కలివి అనే ముళ్ల పొద పళ్లు తెచ్చాను. కలివి గింజ ఎండబెట్టి దాచుకునేది కాదు, పండు పిసికి తీసిన వెంటనే నాటాలి. జూన్‌లో కవర్లలో వేసి, మొక్క జానెడయ్యాక అక్టోబరు వానల్లో నేలలో పెట్టాను. మనకు నైరుతి కంటే ఈ రెండో వానలే మొక్కకు బాగా పడతాయి. పక్కన బలుసు, రేగు, తంగేడు పెట్టాను. మొదటి రెండు ఎండాకాలాలు వారానికి రెండు సార్లు నీళ్లు పోసి, మొదట్లో శెనక్కాయ పొట్టు మందంగా పరిచాను, ఇప్పుడు నీళ్లు అడగవు. బతికుంటే బలుసాకు తినొచ్చనే సామెత ఊరికే రాలేదు, ఏదీ మొలవని ఏడు కూడా బలుసు నిలబడుతుంది.

కంప అంటే అన్నీ ఒకటే అనుకుంటారు గానీ రోడ్ల పక్కన కనబడే సర్కారు తుమ్మ ఇక్కడిది కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. కలివి మనది. ఆ పొద పేరు మీదనే మన జిల్లాలో ఒక పిట్టకు కలివికోడి అని పేరు. 1848లో జెర్డాన్ అనే పక్షి శాస్త్రవేత్త దాన్ని గురించి రాశారు, 1900 తర్వాత ఎవరికీ కనబడకపోతే అంతరించిపోయిందనే అనుకున్నారు, 1986 జనవరిలో లంకమల కొండల దగ్గర మళ్లీ దొరికింది. దానికి కావల్సింది పెద్ద అడవి కాదు, ముళ్ల పొదలు, వాటి మధ్య ఖాళీ నేల. మనం పనికిరాని బీడని దున్నేసేది అదే. నా సెంటున్నరకు కలివికోడి రాదని తెలుసు, అయినా ఆ పొద కనీసం నా గోడ పక్కనైనా ఉండాలనిపించింది.

ఇంకొకటి, నీళ్లు. లోతు తక్కువ మట్టి మూకుడులో గులకరాళ్లు వేసి పెడితే చిన్న పిట్టలు దిగుతాయి. రోజూ పారబోసి రుద్ది కడగాలి, లేకుంటే దోమలు, జబ్బులు.

పోయిన ఆదివారం కలివి పళ్లు నల్లబడ్డాయా అని కొమ్మ పక్కకు తీశాను, లోపల గిన్నె లాంటి గూడు, లేత గులాబీ రంగు మీద ఎర్ర చుక్కల గుడ్లు మూడు. పిగిలిపిట్టవి. పిల్లి రోజూ గోడ మీద కూర్చుని చూస్తాంది, ఆ ముళ్లలోకి దూరలేకపోతాంది. పెద్దమ్మకు చూపిస్తే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నిలబడింది, "ఈ పళ్లు మా సిన్నప్పుడు గంపల్లో అమ్మకానికొచ్చేవి నాయనా" అనింది. ఈ రెండు వారాలు ఆ మూలకు పోవడం మానేశాం, పిల్లలు బయటపడితే అప్పుడు చూసుకుంటాం.